మారు అన్నం లెక్క

కరీంనగర్,
18 నవంబర్ 2024, సోమవారం

ప్రియమైన రెబెకా అక్కకు,

తమ్ముడు ప్రేమ్‌చంద్ వందనాలు. నీ చెవుల సంగతీ, మీ పక్కన జిన్నింగ్ మిల్లు మోత సంగతీ తెలిసినవాణ్ణి కాబట్టి ఫోన్ మానేసి ఉత్తరం రాస్తున్నాను. మంగళవారం సరుకుల వ్యాన్‌లో, పప్పు బస్తాతో పాటు నీకు చేరుతుంది. నువ్వు కూడా ఆ వ్యాన్‌లోనే జవాబు పంపు. డ్రైవర్ మంచివాడు, విప్పి చదవడు.

ఈసారి ఆఫీసు సంగతి రాయక తప్పదు. కంపెనీకి ఉన్న మూడు భోజనశాలలనూ, అంటే కరీంనగర్, పెద్దపల్లి, జమ్మికుంట, ఇక నుంచి దేనికది ప్రాఫిట్ సెంటర్‌గా చూడాలని మా యజమాని సంతోష్‌రావు సార్ తేల్చేశారు. అమ్మకం, ఖర్చు, మిగిలిన లాభం, మూడింటికీ ఆ శాఖ ఇన్‌ఛార్జిదే పూచీ. జమ్మికుంటకు నువ్వు. నిలదొక్కుకోలేని శాఖను మార్చి నెలాఖరుకు కాంట్రాక్టరు చేతిలో పెడతారట. ఆ లెక్కలు చూసే పని నా నెత్తిన పడింది.

వానాకాలంలో కూర్చుని నీకు రోజుకు రెండు వందల ప్లేట్లని బడ్జెట్ వేశాం. మీ పక్క మార్కెట్ యార్డుకు పత్తి రావడం మొదలయ్యేసరికి అవి మూడు వందలయ్యాయి. ఖర్చు బడ్జెట్ దాటిందని సార్ ఎర్ర గీత కొట్టారు. నేను ఊరుకోలేదు. మూడు వందల ప్లేట్లు అమ్మిన మనిషిని రెండు వందల ప్లేట్ల ఖర్చు పక్కన నిలబెడితే ఎలా సార్ అన్నాను. అమ్మిన ప్లేట్లకు ఎంత ఖర్చు కావాలో బడ్జెట్ మళ్లీ వేశాను. దాన్ని ఫ్లెక్సిబుల్ బడ్జెట్ అంటారు. అలా చూస్తే ఎర్ర గీత చాలావరకు చెరిగిపోయింది. రెండు తేడాలు మాత్రం మిగిలాయి. నూనె కొంచెం, బియ్యం బాగా ఎక్కువ. ప్లేటుకు పోవలసినదానికి మరో సగం పోతున్నాయి. ఆ బియ్యం ఎక్కడికి పోతున్నాయో జర చూడు.

క్యాథరిన్‌కు చర్చి కేరల్స్‌లో ఒక్కతే పాడే చరణం ఇచ్చారు. అత్త వస్తేనే పాడతానని ఇప్పటినుంచే బెదిరిస్తోంది. క్రిస్మస్‌కు తప్పకుండా రావాలి.

నీ తమ్ముడు,
ప్రేమ్‌చంద్


జమ్మికుంట,
24 నవంబర్, ఆదివారం

తమ్మీ ప్రేమ్‌చంద్‌కు, మరదలు వనజకు, నా బంగారు క్యాథరిన్‌కు మీ అక్క దీవెనలు.

చర్చి నుంచి వచ్చి చీర గూడ మార్చకుండ రాస్తున్న. నీ ఉత్తరం సమ్మక్కకు చదివి వినిపించుడు నా బుద్ధితక్కువ పని. పోయినేడు వంటకు కుదిరింది గదా, ఆమెనే. "బియ్యం ఎక్కడికి పోతున్నాయో" అన్నకాడికి వచ్చేసరికి గంటె కింద పెట్టింది. "అంటే నేను కొంగుల కట్టుకపోతున్ననా రెబెకమ్మా?" అన్నది. ఇగ నాతోని మాట లేదు, పలుకు లేదు. మూతి ముడుచుకొనే వండింది. ఆ కోపమంత పప్పుల ఉప్పయింది, తిన్నోళ్లందరు నీళ్ల బిందె చుట్టూ తిరిగిండ్రు.

బియ్యం యాడికి పోతయిరా? కడుపులకు పోతున్నయి. దాచుకునేటందుకు నాకు పిల్లలా, జల్లలా? మీ బావ జాన్సన్ గీ యార్డులనే దడువాయి. పొద్దంత పత్తి కాంటా పెట్టి ఇంటికొస్తే ఎంత తింటుండెనో నువ్వు చూసినోనివే. ఆయన పోయినంక గీ పొయ్యి దగ్గర నిలబడే నేను మళ్ల మనిషినైన. గిది పోతే నాకు ఇంకేమున్నది చెప్పు?

నా ఎర్ర గీత చెరిపినందుకు సల్లగుండు. గని నీ ఉత్తరం చదివినప్పటిసంది బియ్యం డబ్బా మూత తీయాలంటేనే నాకు ఎట్లనో అయితున్నది.

కేరల్స్‌కు వస్తనని క్యాథరిన్‌కు చెప్పు.

అక్క


కరీంనగర్,
2 డిసెంబర్, సోమవారం

ప్రియమైన అక్కకు,

నేను దొంగతనం అన్నానా? ఆ మాట నా ఉత్తరంలో ఎక్కడుందో వేలు పెట్టి చూపించు. తేడా అంటే తప్పు అని కాదు, కారణం చెప్పమని అడగడం. సమ్మక్కకు అలాగే చెప్పు. నాకు ఆఫీసులో ఇదొక్కటే పనా? పెద్దపల్లి ఇన్‌ఛార్జి తిరుమల గారికి కూడా ఇలాంటి కాగితమే పంపాను. ఆయన అలగలేదు, గ్యాస్ సంగతి సరిచేసుకున్నాడు.

మొన్న సార్ నలుగురిలో అడిగారు, "జమ్మికుంట రెబెకా గారు మీ అక్క కదా?" అని. అవునన్నాను. వాళ్లు మొహాలు చూసుకున్నారు. నీ కాగితం మిగతా ఇద్దరి కాగితాలకంటే తిన్నగా ఉండాలి అక్కా. లేకపోతే నీ తరఫున నేనేం మాట్లాడినా నా మాటకు విలువ ఉండదు.

స్టీలు గిన్నె ఒకటి పంపుతున్నాను. కరీంనగర్ భోజనశాలలో ప్లేటుకు అంత అన్నం పెడతారు. నేనే దగ్గరుండి కొలిపించాను. సరిపోల్చి చూసుకో.

వనజకు జలుబు. నీ అల్లం పచ్చడి అడుగుతోంది.

ప్రేమ్‌చంద్


జమ్మికుంట,
8 డిసెంబర్, ఆదివారం

తమ్మీ,

గిన్నె ముట్టింది. ఇగ నువ్వు ఫికర్ చెయ్యకు. నా మూలంగ నిన్ను ఎవలూ ఒక్క మాట అనొద్దు. నీ కాగితం ఎంత తిన్నగ వస్తదో నువ్వే చూస్తవు.

నూనె సంగతి నువ్వన్నది నిజమే. సమ్మక్క డబ్బా ఎత్తి బాండీల వంపుతున్నది, నేను చూసీ చూడనట్లు ఊకున్న. ఇప్పుడు గంటెతోని పోపిస్తున్న. కూరకు రుచి ఏం తగ్గలే. నీ కాగితం అడగకుంటే నాకు తెల్వకపోవు.

పచ్చడి సీసా గుడ్డల చుట్టి పంపుతున్న. వనజను పొద్దుగాల తలస్నానం చెయ్యొద్దను.

అక్క


కరీంనగర్,
16 డిసెంబర్, సోమవారం

నా బంగారు అక్కా,

ఈ వారం కాగితం చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. బియ్యంలో తేడా లేనేలేదు! నూనె కూడా దారికొచ్చింది. సార్ చూసి నవ్వారు. "మీ అక్క గట్టి మనిషే" అన్నారు. మిగతావాళ్లు కూడా విన్నారు. నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను. ఇంటికొచ్చి వనజకు రెండుసార్లు చెప్పాను, మూడోసారి వినను పొమ్మంది.

ఇలాగే నడిపించు. ఆ గిన్నె వదలకు.

ఇరవై నాలుగు సాయంత్రానికి వచ్చేయి. బస్టాండుకు నేనే వస్తాను.

ప్రేమ్‌చంద్


జమ్మికుంట,
22 డిసెంబర్, ఆదివారం

అకౌంట్స్ ఆఫీసరు గారికి,

జమ్మికుంట భోజనశాల ఇన్‌ఛార్జి రెబెకా రాయునది. క్రిస్మస్‌కు వచ్చుడు కుదరదు. మోకాలు నొస్తున్నది. గిన్నె వదలొద్దని తమరు రాసిండ్రు. వదలలేదు.

క్యాథరిన్‌కు స్వెటర్ అల్లిన. చేతులు పొడుగైతే మడిచి తొడుగుండ్రి. నా కోడలి చేతులకు కొలత గిన్నె ఏం లేదు నా దగ్గర.

మీ అందరికీ క్రిస్మస్ దీవెనలు.

రెబెకా


కరీంనగర్,
6 జనవరి 2025, సోమవారం

అక్కా,

"ఆఫీసరు గారికి" అని నీ చేతిరాతతో చదివి అన్నం సహించలేదు. నేనేం చేశాను? మెచ్చుకుంటూ రాస్తే కూడా కోపమేనా? క్యాథరిన్ పాడుతున్నంతసేపూ చర్చి తలుపు వైపే చూసింది. స్వెటర్ విప్పడం లేదు, అందులోనే నిద్రపోతోంది.

ఇప్పుడు అసలు సంగతి. నీ ప్లేట్లు పడిపోయాయి. మూడు వందలు ఉన్నవి నూట యాభైకి వచ్చాయి. యార్డుకు పత్తి వస్తూనే ఉందని అందరూ అంటున్నారు. మరి జనం ఏమయ్యారు? అమ్మిన ప్లేట్లకు బడ్జెట్ వేసి చూస్తే నీ ఖర్చుల్లో వేలు పెట్టడానికి చోటు లేదు, అంతా చక్కగా ఉంది. కానీ అసలు ప్లేట్లే లేకపోతే లాభం ఎక్కడిది? నవంబర్‌లో వచ్చినదాంట్లో సగం కూడా రాలేదు. సార్ కాంట్రాక్టరును పిలిపించారు. ఫిబ్రవరి మధ్యలో మీటింగు. అక్కడ నీ వంటశాల సంగతి తేలుతుంది.

నా మీద కోపం వంటశాల మీద చూపిస్తున్నావా అక్కా? పట్టించుకోవడం మానేశావా? ఏదో ఒకటి రాయి.

ప్రేమ్


జమ్మికుంట,
19 జనవరి, ఆదివారం

తమ్మీ,

పోయిన మంగళవారం వ్యాన్ ఉత్తదే పంపిన. రాయబుద్ధి కాలే.

వంటశాల కాంట్రాక్టరుకు ఇస్తే ఇయ్యనియ్. నీ కాగితం తిన్నగున్నది గదా? నీ కొలువు సల్లగున్నది గదా? నాకు గంతే కావాలె. మనల కన్న అవ్వ పోయినప్పుడు నువ్వు ఇంతంత పోరనివి. నిన్ను సదివిపిచ్చి గా కుర్చీల కూసుండబెట్టింది నా పొయ్యికాడి కట్టెల కోసం గుంజి కింద పడేసెటందుకా?

క్యాథరిన్ తలుపు దిక్కు చూసిందని రాసినవు చూడు, అది చదివి ఏడ్చిన. గట్ల రాయకు.

అక్క


కరీంనగర్,
25 జనవరి, శనివారం

అక్కా,

నిన్న జమ్మికుంట వచ్చాను. నీకు చెప్పలేదు. జనం ఎందుకు రావడం లేదో నా కళ్లతో చూద్దామని సెలవు పెట్టి బస్సెక్కాను. మధ్యాహ్నం నువ్వు బ్యాంకుకు వెళ్లావట. మూల బల్ల దగ్గర కూర్చున్నాను. సమ్మక్క నన్నెప్పుడూ చూడలేదు కదా, ఎవరో బేరగాడు అనుకుంది. ఆ గిన్నెతో అన్నం బోర్లించి పప్పు పోసింది. నిజం చెప్తున్నా, నాకు చాలింది. పొద్దంతా కుర్చీలో కూర్చునేవాణ్ణి, నాకు చాలుతుంది.

నా ఎదురుగా ఒక హమాలీ. పేరు సంపత్ అట. తల మీద, మీసాల మీద పత్తి. నాలుగు ముద్దల్లో అతని ప్లేటు ఖాళీ అయింది. మారు అడిగాడు.

"మారు లేదు బిడ్డా," అన్నది సమ్మక్క. "దినాం చెప్తనే ఉన్న గదా. రెబెకమ్మ తమ్మునికి కరీంనగర్‌ల పెద్ద కొలువు. గీ గిన్నె దాటితే ఆయన కొలువు పోతదట. ఆమెకేమన్న సంబురమా? కండ్లల్ల నీళ్లు పెట్టుకొనే కొలుస్తది."

సంపత్ చెయ్యి కడుక్కోకుండా నాతో అన్నాడు. "మేం బస్తాలు మోసెటోళ్లం అన్నా. గీ గిన్నె రెండో లారీ దాంక గూడ ఆగది. పది రూపాయలు ఎక్కువ తీసుకో అక్కా, గిన్నె తియ్యి అని అడిగినం. ఇనలే. గందుకే మావోళ్లంత స్టేషన్ కాడికి పోతుండ్రు. అక్క మొకం చూసి నేనొక్కన్నే వస్తున్న."

అక్కా, గా బల్ల దగ్గర నేను కూసోలేకపోయిన. నా కొలువు పోతదని నీకెవలు చెప్పిండ్రే? మాటకు విలువ ఉండదన్న గని కొలువు పోతదన్ననా? గిన్నె సరిపోల్చుకోమని పంపిన, జనం నోటికాడ పెట్టుమన్ననా? నాదే తప్పు. సరిగ రాయలే. కరీంనగర్‌ల ఆఫీసులోళ్లు తినే అన్నం కొలిచి బస్తాలు మోసెటోళ్లకు అంటగట్టిన. మూడు వందల ప్లేట్లు అని లెక్కపెట్టిన గని ఎవల ప్లేట్లో చూడలే. తేడా పోయిందని కుర్చీలకెల్లి లేచి నిలబడ్డ సూడు, అది తలుచుకుంటే సిగ్గయితున్నది.

చిన్నప్పుడు నేను ఎన్నిసార్లు కంచం చాపినా నువ్వు లేదనలే. నీ చేతి కింద మారు లేదన్న మాట నిన్ననే మొదటిసారి విన్న. నిన్ను చూడకుండనే బస్సెక్కిన. ఏ మొకం పెట్టుకొని నిలబడాలె నీ ముందట?

గిన్నె తీసెయ్యి. మీటింగు సంగతి నేను చూసుకుంట.

నీ ప్రేమ్


జమ్మికుంట,
2 ఫిబ్రవరి, ఆదివారం

ఓరి పిచ్చి తమ్మీ,

ఊరిదాంక వచ్చినోనివి నన్ను చూడకుండ పోతవారా? పావుగంట ఆగితే బ్యాంకు నుంచి వచ్చేదాన్ని గదా! నీ ఉత్తరం నాలుగుసార్లు చదివిన, నాలుగుసార్లు తిట్టిన. సమ్మక్క అయితే పరేషాన్. "వామ్మో, తమ్మున్నే కూసోబెట్టి తమ్మున్ని ఆడిపోసుకున్ననా!" అని నోరు కొట్టుకున్నది. ఇప్పుడు కొత్త మనిషి ఎవలొచ్చినా ముందుగాల్ల పేరడుగుతున్నది.

గిన్నె ఆ మంగళవారమే తీసేసిన. సంపత్ చూసిండు. బయటికి పోయి, యార్డు గేటు కాడ నిలబడి అందరికి వినపడెటట్టు ఈలేసిండు. తెల్లారి పదిమంది వచ్చిండ్రు, ఆ తెల్లారి బల్లలు సాలలే.

తప్పు నీదొక్కనిదే కాదు. నాకు నోరు లేదా, అడగొచ్చు గదా? నలుగురు మొహాలు చూసుకున్నరని రాసినవు, గంతే, నీ కొలువుకే ముప్పనుకున్న. నా తమ్మున్ని ఎవలో వేలు పెట్టి చూపిస్తుండ్రని ఒకటే ఏడుపు. అడిగితే నువ్వు నాకోసం అబద్ధం చెప్తవేమో అని గూడ భయమైంది.

ఇప్పుడు మళ్ల బియ్యం ఎక్కువైతయి. నీ కాగితం వంకరైతది. ఏం చేస్తవు తమ్మీ? ఉన్నదున్నట్టు చెప్పు. నాకోసమని ఒక్క ముక్క గూడ తిప్పి రాయకు. పోతే పోనియ్ వంటశాల. గని నాకు పోగొట్టుకోవాలని లేదురా. అది గూడ ఉన్నదున్నట్టే చెప్తున్న.

అక్క


కరీంనగర్,
17 ఫిబ్రవరి, సోమవారం

ప్రియమైన అక్కకు,

మీటింగు అయింది. జరిగినది జరిగినట్టు రాస్తాను, మధ్యలో లేచి సమ్మక్కకు చదవకు, మొత్తం అయ్యాక చదువు.

నీ నవంబర్ కాగితం, జనవరి కాగితం పక్కపక్కన పెట్టాను. నవంబర్‌లో బియ్యం తేడా చెడ్డది, లాభం మంచిది. జనవరిలో తేడాలన్నీ మంచివి, లాభం సగం లేదు. సార్ అటూ ఇటూ చూశారు. "ఈ ఇద్దరిలో మంచి ఇన్‌ఛార్జి ఎవరు?" అన్నారు. "ఇద్దరూ ఒకరే సార్. జనవరిలో ఆమె నా మాట విన్నది," అన్నాను. గది అంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మొత్తం చెప్పాను. గిన్నె సంగతి, సంపత్ సంగతి, నేను మూల బల్ల దగ్గర కూర్చున్న సంగతి. ప్లేట్ల సంఖ్యను బట్టి బడ్జెట్‌ను సాగదీశాం కానీ ప్లేటుకు ఎంత అన్నమో మాత్రం కరీంనగర్ కొలతే ఉంచేశాం, ఆ తప్పు నాది అన్నాను. బియ్యం తేడా చూసి అన్నం తగ్గిస్తే జనం తగ్గారు, రెండింటినీ విడివిడిగా చూసి నేను మోసపోయాను అన్నాను. నూనె విషయంలో మాత్రం నీదే లోపమని, నువ్వు సరిచేసుకున్నావని కూడా చెప్పాను. తిప్పి రాయొద్దన్నావుగా.

సార్ చాలాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి చివరికి ఒప్పుకున్నారు. యార్డు ప్లేటుకు వేరే కొలత, పది రూపాయలు ఎక్కువ ధర. మామూలు ప్లేటు మామూలుగానే. ఫిబ్రవరి లెక్క అలా వేసి చూసి, అప్పుడు కాంట్రాక్టరుకు జవాబు చెప్తానన్నారు.

ఇంకొక్కటి. జమ్మికుంట లెక్కలు ఇక నేను చూడనని నేనే అడిగి తప్పుకున్నాను. నర్మద గారు చూస్తారు. చాలా నికార్సయిన మనిషి, ఎవరి మొహమూ చూడదు. నువ్వు నా అక్కవని ముందే చెప్పాను. "అయితే ఏంటి?" అంది. నీ కాగితం నా చేతిలో ఉన్నంతకాలం నేను నీతో సరిగ్గా మాట్లాడలేకపోయాను అక్కా. అది నాకు నచ్చలేదు.

ప్రేమ్


జమ్మికుంట,
9 మార్చి, ఆదివారం

తమ్మీ ప్రేమ్‌చంద్‌కు అక్క దీవెనలు.

మంగళవారం వ్యాన్ల రెండు కాగితాలొచ్చినయి. మొదటిది నర్మద పంపిన ఫిబ్రవరి లెక్క. ఆమె రాత నీ రాత లెక్క కాదు, ఒక్క మాట గూడ ఎక్కువ లేదు. యార్డు ప్లేట్ల కొలత వేరే పెట్టి చూస్తే బియ్యం తేడా జరంత ఉన్నదట, కారణం రాయుండ్రి అన్నది. రాసిన. కొత్త బియ్యం, అన్నం ఒదుగు లేదని రాసిన. చదివి కొట్టేస్తదో ఒప్పుకుంటదో ఆమె ఇష్టం. నాకైతే ఈసారి బియ్యం డబ్బా మూత తీయాలంటే భయం కాలే.

రెండోది సంతోష్‌రావు సార్ సంతకం పెట్టింది. లాభం నవంబర్‌ను దాటిందట. కాంట్రాక్టరుకు వద్దని చెప్పిండట. వచ్చే పత్తి సీజన్ దాంక వంటశాల నా చేతులనే ఉంటదట. చదివి కాసేపు పొయ్యికాన్నే కూసున్న. సమ్మక్క నీళ్ల చెంబు తెచ్చి పట్టుకొని నిలబడ్డది. మీ బావ ఉంటే యార్డు మొత్తం చెప్పుకొని తిరుగుతుండె. ఆయన లేడు గాబట్టి సంపత్ తిరిగిండు.

నువ్వు నా లెక్క చూడనని తప్పుకున్నవని చదివినప్పుడు మొదలు కోపమొచ్చింది. నన్ను ఇడిసిపెట్టినవనుకున్న. రెండు రోజులైనంక సమజైంది. ఇన్ని దినాలు నీకు ఉత్తరం రాయాలంటే కాగితం పట్టుకొని ఆఫీసరుకు రాస్తున్ననా, తమ్మునికి రాస్తున్ననా అని ఆలోచించుడే అయింది నాకు. ఇగ ఆ బాధ లేదు.

నీ గిన్నె పారెయ్యలే. ఉప్పు డబ్బాల ఏసిన, ఉప్పు తీసుకునేటందుకు మంచిగున్నది.

వచ్చే ఆదివారం చర్చి అయినంక నువ్వు, వనజ, క్యాథరిన్ ముగ్గురు రావాలె. వంటశాల బంద్ ఉంటది, యార్డు గూడ బంద్. మీకోసమే పొయ్యి ముట్టిస్త. పోయినసారి మా వంటశాలల ఒక గిన్నె తిని, మారు అడగకుండ లేచి పోయినవట గదా. ఈసారి మూల బల్ల కాదు, నా ముందట కూసో. నువ్వు సాలు అన్నదాంక పెడుత, సాలు అన్నంక గూడ ఇంత పెడుత. నర్మదకు కారణం రాయవలసిన పని లేదు.

అది నా సొంత బియ్యం.

నీ అక్క,
రెబెకా